మద్దమ్మ జీరో టికెట్టు

ఆదోని కొండ కింద కాలనీలో మద్దమ్మను ఎరగనివాళ్లు లేరు. ఆమె నోరు అలాంటిది. పొద్దున్నే బొరుగుల మూట నెత్తికెత్తుకుని కాలనీ బస్సెక్కి స్టేషన్లో దిగుతుంది. అక్కణ్ణుంచి ప్యాసింజరు రైల్లో కోసిగి. కోసిగిలో ఆమెకు ఉగ్గాని బండి ఉంది; బొరుగులు నానబెట్టి తాలింపు వేసి అమ్ముతుంది. రైలుకు నెలవారీ సీజన్ టికెట్టు, చాలా చవక. బస్సేమో ఆడవాళ్లకు ఉచితం. ఈ రెండూ కలిశాకే ఆమె సుగ్గి మానుకుంది. సుగ్గి అంటే ఇంటికి తాళం వేసి, వంట సామాను మూటగట్టుకుని గుంటూరు మిరప చేలకు కూలికి పోవడం. "ఆడ చేలల్లో టార్పాలిన్ పట్టల కింద పండుకునింది సాలు తల్లీ" అంటుంది.

ఆ బస్సుకు ఎసరు పెట్టింది కూడా ఈ మహాతల్లే. కండక్టరు ఉమాదేవి సున్నా రూపాయల జీరో టికెట్టు ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టేది. "ఊరికే పోయే బస్సుకు టికెట్టెందుకు పాపా? కాగితం దండగ, నీకు చెయ్యి నొప్పి." ఇక కాలనీ ఆడవాళ్లందరిదీ అదే మాట. ఉచితంగా ఎక్కడమే మొహమాటం, దానికి మళ్లీ చీటీ కూడానా అని వాళ్ల బాధ. మంచితనం ముదిరితే ఇలాగే ఉంటుంది మరి. ఉమాదేవి కొన్నాళ్లు పోరి, విసుగెత్తి ఊరుకుంది.

ఒకరోజు ఆ పిల్లే మొహం వేలాడేసుకుని చెప్పింది. "అక్కా, వచ్చే నెల నుంచి ఈ బస్సు తీసేస్తారంట. ఖాళీ బస్సు తిప్పుతాండామంట."

"ఖాళీనా? ఊపిరాడకుండా నిలబడుకోనుంటిమి కదమ్మా!"

"టికెట్టు తీసుకున్నోళ్లే లెక్కక్కా. మీరు తీసుకోకపోతిరి."

మద్దమ్మ మనసులో లెక్క వేసుకుంది. రోజూ స్టేషన్‌కు ఆటో ఎక్కితే బండి మీద ఏమీ మిగలదు. మళ్లీ సుగ్గే గతి. తన చేత్తోనే ఇంత పని చేసుకున్నానే అని ఆమెకు ఏడుపొచ్చింది.

మర్నాటి నుంచి బస్సు మెట్టు మీద కాపలా కాసింది. "టికెట్టు తీసుకో మే! నీ ఆధార్ యాడ?" అని ఎక్కిన ప్రతి మనిషినీ నిలదీసింది. కార్డు మరచిన దేవక్కను ఇంటికి తరిమి, ఆమె వచ్చేదాకా బస్సు కదలనివ్వలేదు. డ్రైవరు సణిగినా వినలేదు. ఒకనాడు మఫ్టీలో చెకింగాయన ఎక్కితే ఆయన్నే అడ్డగించి, "నీ టికెట్టేదప్పా?" అంది. బస్సంతా గొల్లున నవ్వింది. ఆయనా నవ్వాడు. కిక్కిరిసిన బస్సునూ, ఉమాదేవి టికెట్టు మిషన్నూ మార్చి మార్చి చూసి, లెక్క రాసుకుని దిగిపోయాడు.

కొత్త నెల మొదటి రోజు బస్సు వస్తుందో రాదో అని ఆడవాళ్లంతా రోడ్డు మీదే ఉన్నారు. మలుపులో బస్సు కనిపించగానే మద్దమ్మ కళ్లు నీళ్లతో నిండాయి. అయినా అందరికంటే ముందు ఎక్కి టికెట్టుకు చేయి చాచింది.

వారం తిరక్కుండా సుగ్గి మేస్త్రీ తిరుపాల్ ఇంటికొచ్చాడు. "మద్దక్కా, లారీ పోతాండాది. నీ పేరు రాసుకునేదా?"

ఆమె చేటలో బొరుగులు చెరుగుతూ తలెత్తకుండానే చెప్పింది.

"వద్దులేప్పా. నాకు పొద్దున్నే బస్సుంది."