ఈస్టరు ముందురోజు వాన

మార్చి నెలాఖరు వచ్చిందంటే మా ఉత్తరాంధ్ర ఆకాశానికీ నాకూ పడదు. చలికాలంలో చలి ఉంటుంది, వానాకాలంలో వాన ఉంటుంది, ఈ నడిమి రోజులకి మాత్రం ఒక పద్ధతంటూ లేదు. పొద్దున్న మంచు, మధ్యాహ్నం మాడు పగిలే ఎండ, సాయంత్రం పిడుగులు. దుప్పటి కప్పుకుంటే చెమట, తీసేస్తే వణుకు. గజపతినగరం దగ్గర హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పేది నేనే కాబట్టి నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది. పుస్తకంలో ఆరు రుతువులూ బుద్ధిగా వరసలో నిలబడి ఉంటాయి.

ఆ ఏడు ఈస్టరు వారంలో టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి నవ్వుతూ చెప్పింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో శనివారం ఉరుములు మెరుపులతో వాన, ఈదురుగాలులు, ఆదివారం తెల్లవారుజామున దట్టమైన పొగమంచు, పొద్దెక్కాక మళ్ళీ ఎండలు ముదురుతాయట. అందులో నవ్వడానికేముందో నాకు అర్థం కాలేదు. నా ఫోన్ కూడా అదే మాట చెప్పింది గానీ అది నవ్వలేదు, అంబులెన్సులా అరిచింది. స్టాఫ్ రూములో అందరూ ఉలిక్కిపడి నన్నే తిట్టారు.

మా అమ్మ పోయాక వచ్చిన మొదటి ఈస్టరు అది. మాది తాతల నాటి నుంచీ బాప్టిస్టు కుటుంబం. నరసన్నపేట అవతల ఉన్న మా ఊళ్ళో ఈస్టరు ముందురోజు ఎవరి సమాధులు వాళ్ళు బాగుచేసుకుంటారు. గడ్డి పీకి, మట్టి ఎగదోసి, చుట్టూ ఇటుకలు పేర్చి సున్నం వేస్తారు. మర్నాడు చీకటి ఉండగానే పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని సంఘమంతా సమాధుల తోటకి వెళుతుంది. పొద్దు పొడిచే వేళకి అక్కడే ఆరాధన.

మా తాతలూ, మేనత్తలూ, పురిట్లో పోయిన మా చెల్లీ ఎవరెక్కడ ఉన్నారో అమ్మకి తెలుసు. ఎంత చీకట్లోనైనా మమ్మల్ని తిన్నగా తీసుకెళ్ళి నిలబెట్టేది. మేము వెనకాల నడిచేవాళ్ళమే తప్ప దారి చూసుకునేవాళ్ళం కాదు. ఇప్పుడు ఆమే అక్కడికి వెళ్ళిపోయింది. వానాకాలం చివర్లో పోయింది, మట్టి ఇంకా కుదురుకోలేదని సిమెంటు కట్టించలేదు. ఒక మట్టి దిబ్బ, తలాపున పేరు రాసిన కర్ర సిలువ, అంతే. ఆ గాలివాన వచ్చిందంటే ఆ కాస్త గుర్తూ కొట్టుకుపోతుందని నా భయం.

మా తమ్ముడు ఊళ్ళోనే ఉంటాడు, లగేజీ ఆటో నడుపుతాడు. నన్ను అప్పా అంటాడు, మా వైపు అక్కని అలాగే పిలుస్తారు. పరీక్షల డ్యూటీ పడి నేను కదల్లేక, సోమవారం నుంచీ వాడి ప్రాణం తీశాను.

"ఒరే, శనివారం గాలివానంట. గురువారమే ఎల్లి ఇటికలు పెట్టీ. సిలవ లోతుగా పాతీ."

"ఎవుడు సెప్పినాడు?"

"ఫోన్లో వచ్చినాది."

"నీ ఫోన్లో రోజూ వస్తాదప్పా వాన. మొన్న పిడుగులు పిడుగులని ఊరంతా గగ్గోలు పెట్టీసినావు. సుక్క పడినాదేటి? అందరూ శనివారమే సేస్తారు. ముందే సున్నమేసీస్తే పండగనాటికి పాతబడిపోతాది."

"నీకు అమ్మంటే లెక్కలేదురా."

వాడు ఫోన్ పెట్టేశాడు. నేను ఊరుకునే రకాన్ని కాదు. మళ్ళీ చేసి, అమ్మ మంచాన పడ్డప్పుడు వాడు ఎన్నిసార్లు విసుక్కున్నాడో గుర్తు చేశాను. అమ్మ మంచాన పడ్డప్పుడు నేను ఎన్నిసార్లు వచ్చానో వాడు గుర్తు చేశాడు. అక్కడితో ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. గురువారం వాడు వెళ్ళలేదు. శుక్రవారం పొద్దస్తమానం గుళ్ళో సిలువ ధ్యానాలు, ఆ రోజు ఎవరూ పార పట్టరు.

శనివారం మధ్యాహ్నానికి నేను ఊళ్ళో దిగాను. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఎండకి కళ్ళు తెరవలేకపోయాను. మరదలు మజ్జిగ ఇచ్చింది గానీ తమ్ముడు నా వైపు చూడలేదు. ఆటోలోకి ఇటుకలు ఎక్కిస్తూ, నాకు వినపడేలా పైకి చూసి "ఏదీ వాన?" అన్నాడు. నేను పళ్ళు నూరుకుంటూ సున్నం బకెట్ పట్టుకుని వాడి పక్కన ఎక్కాను.

ఊరు దాటి గట్టు మీదకి ఎక్కామో లేదో పడమటి కొండల వైపు నల్లగా లేచింది. ఐదు నిమిషాల్లో పగలు రాత్రయింది. గాలికి ఆటో ఊగిపోయింది, వెనక పరిచిన పరదా ఎగిరి ఎవరి చేలోనో పడింది. వాడు బండి ఆపేశాడు. అటు ముందుకీ ఇటు వెనక్కీ పోలేక, ఇద్దరం ఆ ఇరుకు సీటులో భుజాలు రాసుకుంటూ కూర్చున్నాం. పిడుగు పడ్డ ప్రతిసారీ వాడు కళ్ళు మూసుకోవడం చూశాను.

"సంతోషమేటి ఇప్పుడు?" అన్నాడు. "నీ వాన వచ్చీసినాది."

దాచుకోవడం ఎందుకు, మొదటి చినుకు పడగానే నాకు సంతోషమే వేసింది. నా మాటే నెగ్గింది కదా. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. అద్దం మీద బకెట్లతో కుమ్మరించినట్టు కురుస్తుంటే, ఆ వాన కింద అమ్మ మీది మట్టి ఏమవుతోందో అని తోట వైపే చూస్తూ ఉండిపోయాను. వాన తగ్గేసరికి చీకటి పడింది, గట్టు దారి బురదైపోయింది. ఇటుకలు ఇటుకల్లాగే వెనక్కి తెచ్చాం.

తెల్లవారుజామున మంచు మాత్రం చెప్పిన మాట తప్పకుండా వచ్చింది. టార్చి వేస్తే తెల్లటి గోడ కనిపించింది తప్ప దారి కనిపించలేదు. ముందు నడుస్తున్న వాళ్ళ దగ్గుల్ని బట్టి నడిచాం. సమాధుల తోటలో కొవ్వొత్తుల వెలుగు మసగ్గా అక్కడక్కడ ఉంది గానీ వాటి దగ్గర ఎవరున్నారో తెలీదు. నిన్న అందరూ వేసిన సున్నం కరిగి నేలంతా మజ్జిగ పోసినట్టుంది. సిమెంటు సమాధుల వాళ్ళకి బాధ లేదు. మట్టి దిబ్బల వాళ్ళం మాత్రం వంగి వెతుక్కుంటున్నాం.

కొత్త సమాధుల వరస తోట చివర తాటిచెట్టు వైపు ఉంది. మూడు దిబ్బలు, మూడూ వానకి కుంగి ఒక్కలాగే ఉన్నాయి. ఒక్కదాని మీదా సిలువ లేదు. తమ్ముడు మంచులోకి వెళ్ళి కాసేపటికి తిరిగొచ్చాడు.

"అమ్మ సిలవ దొరికినాదప్పా. గుంటలో పడున్నాది."

పేరు చెక్కుచెదరలేదు. ఆ పేరు ఎక్కడ పాతాలన్నదే తెలీదు.

"ఇదే," అని మొదటి దిబ్బ చూపించాను.

"కాదప్పా, ఆ సివరది. ఆ రోజు నాను తాటిసెట్టు కాడ నిలబడినాను."

"ఆ రోజు నువ్వు ఏడుస్తా ఉన్నావు. నీకేటి కనబడినాది?"

"నువ్వు ఏడవలేదేటి మరి?"

"నీకంటే నాను పెద్దదాన్నిరా. నాకు తెల్దా?"

సిలువ వాడి చేతిలోంచి లాక్కున్నాను. మొదటి దిబ్బ తలాపున గుచ్చి, దాని చుట్టూ బంతిపూలు పోసి, కొవ్వొత్తులు వెలిగించి, మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చాను. ఆరు నెలలుగా రాని ఏడుపు అది. తమ్ముడు చివరి దిబ్బ దగ్గర వాడి కొవ్వొత్తులు వాడు వెలిగించుకుంటున్నాడు. ఒక తల్లికి ఇద్దరం రెండు చోట్ల ఏడ్చాం.

అంతలో మంచులోంచి ఒక పెద్దావిడ పూలబుట్టతో వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఎవలమ్మా నువ్వు? మా ఇంటాయన మీద సిలవ పాతినావేటి?"

ఇది మా అమ్మది అన్నాను. ఆవిడ దిబ్బ కాళ్ళ వైపు వెళ్ళి చేత్తో బురద తోసింది. కింద నల్లరాయి బయటపడింది.

"ఈ రాయి నాను పెట్టినాను. తియ్యి నీ పూలు." పూలు నేను ఏరుకుంటుంటే ఆవిడ నా చీరా, చేతి గడియారం చూసింది. "సదువుకున్నదానిలాగున్నావు. కన్నతల్లి ఎక్కడున్నాదో తెల్దేటి?"

సిలువ పీకి, పూలు కొంగులో వేసుకుని లేచాను. ఆవిడ మీద పుట్టుకొచ్చిన కోపమంతా తిన్నగా తమ్ముడి మీదకి పోయింది. వాడు ఇప్పుడు నవ్వుతాడు, నేను చెప్పలేదా అంటాడు, అననీ, వాడి సంగతి చూస్తాను అనుకుంటూ వెళ్ళాను.

వాడు నవ్వలేదు. చివరి దిబ్బ దగ్గర నుంచి లేచి, దానికీ నడిమి దిబ్బకీ మధ్యలో నిలబడి ఉన్నాడు.

"నడిమిదేమో అప్పా," అన్నాడు. "నువ్వు అంత గట్టిగా సెప్పినావు, నీదే తప్పయిపోనాది. మరి నాదెలాగ నిజమవుతాది? నాకేటీ తెల్డం లేదు. ఎక్కడున్నాదప్పా అమ్మ?"

వాడికి నలభై దాటాయి, జుట్టు నెరిసింది. తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్లాడిలా అటూ ఇటూ చూస్తున్నాడు. వాడు తప్పు ఒప్పుకుంటే వినాలని వారం రోజులుగా కాచుకుని కూర్చున్నదాన్ని నేను. విన్నాను. నాకు అది అక్కర్లేకపోయింది.

"కాదురా," అన్నాను. "నువ్వు సెప్పిందే నిజం. సివరదే. ఇప్పుడు గుర్తొచ్చినాది నాకు. తాటిసెట్టు నీడ నా మీద పడినాది ఆ రోజు."

నాకేమీ గుర్తు రాలేదు. ఆ రోజు ఎండ ఉందో లేదో కూడా నాకు తెలీదు.

"నిజమేనేటి?"

"నిజమేరా. పాతు."

ఏనాడూ నా మాట వినని వాడు ఆ మాట విన్నాడు. ఒక రాయి తెచ్చి, సిలువ కదలకుండా లోతుగా దిగ్గొట్టాడు. నా కొంగులోని పూలన్నీ దాని మీద పోశాను. తోట మధ్యలో పాటలు మొదలయ్యాయి. సముద్రం వైపు నుంచి గాలి లేచి మంచుని తోసేస్తోంది, దాని వెనకాలే ఎండ కాచుకుని ఉంది. అందరూ ఆరాధనకి కదులుతున్నారు. నడిమి దిబ్బకి మాత్రం ఇంకా ఎవరూ రాలేదు.

తమ్ముడు అటు తిరిగి ఉన్నప్పుడు ఒక కొవ్వొత్తి తీసుకెళ్ళి దాని మీద గుచ్చి వెలిగించాను. గాలికి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించాను. మళ్ళీ ఆరిపోయింది.

"అది ఎవలదప్పా?" వెనక నుంచి వాడి గొంతు.

"ఎవలదో. ఎవలూ రానట్టున్నారు."

వాడు నా మొహంలోకి చూశాడు. వచ్చి ఆ బురదలో నా పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, నేను అగ్గిపుల్ల గీసేలోపే రెండు చేతులూ గాలికి అడ్డం పెట్టాడు.