ఆకివీడులో ఆఖరి విసురు

కొత్త గొడుగు మొదటిసారి విప్పినప్పుడు ఆ నల్లగుడ్డలోంచి ఒక వాసన వస్తుంది. మొన్న మా మనవరాలు కొనుక్కొచ్చిన గొడుగు వరండాలో విప్పగానే ఆ వాసన తగిలి, నా కుడి మోచెయ్యి దానంతటదే పక్కటెముకలకి అతుక్కుపోయింది. వెనకే కోపమూ వచ్చింది. మస్తాన్ గారు పోయి ఎన్నో ఏళ్ళయింది, ఆయన మీద నా కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు.

పందొమ్మిది వందల ముప్ఫైలలో మాట. నాకు పదకొండేళ్ళు. ఏలూరు బజారులో మా కిరాణా కొట్టుకి నాలుగు కొట్ల అవతల మస్తాన్ గారు గొడుగులు బాగుచేసేవారు. ఒకనాటి సాయంత్రం కాలవ గట్టున ఎవరిదో గాలం అడిగి తీసుకుని విసిరాను. ముల్లు నీళ్ళలో పడకుండా, ఆయన గట్టు మీద ఆరబెట్టుకున్న గొడుగుకి తగులుకుని గుడ్డ జానెడు చిరిగింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన తాపీగా ముల్లు ఊడదీసి, చిరుగు చూసి, నన్ను చూశారు.

"గుడ్డదేముంది, కుట్టుకుంటాన్లే. ఆ విసురుడేమిటమ్మాయీ? గోడకి పిడకలు కొడుతున్నావా?" అన్నారు.

రోషం వచ్చింది. మర్నాడు నేర్పమని వెళ్ళి నిలబడ్డాను. నాతోపాటు వీధిలో పిల్లలు ఇంకో నలుగురు చేరారు. ఆ ఏడు కొల్లేటి అవతల ఆకివీడు పిల్లలతో సరదాగా ఒక పోటీ పెట్టుకుందామని పెద్దవాళ్ళు అనుకోవడం కూడా అప్పుడే. చేపలు పట్టడం కాదు, గురి చూసి గాలం విసరడమే పోటీ.

మా ఇంట్లో అది చెప్పుకోవడమే కష్టం. మేం వ్యాపారస్థులం, చేప వాసన గుమ్మం తొక్కని ఇల్లు. మా నాయనమ్మ ఆయన్ని కొట్టు దగ్గరికి పిలిపించి నిలదీసింది. "ముల్లు కట్టనండి, పెద్దమ్మగారూ. ముల్లు బదులు మీ కొట్లో వక్కే కడతానండి" అని ఆయన మాట ఇచ్చారు. నాయనమ్మ నావైపు తిరిగి, "ఈ ఒక్క పోటీకేనే. పన్నెండు నిండుతున్నాయి, ఆ తర్వాత కాలవ గట్టన్న మాట వినపడకూడదు" అంది. అంటే నాకున్నది ఒకే ఒక్క పోటీ. ఎలాగైనా గెలవాలని ఆ పూటే పట్టుబట్టాను.

మూడు నెలలు నేర్పారు మహానుభావుడు, ఒక్కనాడు నీళ్ళ దగ్గరికి పోనిచ్చారా! పొడినేల మీద చేట పెట్టి, అందులో వక్క పడాలనేవారు. అదైనా తిన్నగానా? మూసిన గొడుగొకటి చంకలో ఇరికించి విసరమనేవారు. మోచెయ్యి ఒంటిని వదిలితే గొడుగు జారుతుంది, జారితే లెక్క మళ్ళీ మొదటికి. వరసగా పది పడితేనే ఇంటికి. ఒకసారి తొమ్మిది పడ్డాయి. పదోది కూడా చేట నడిమధ్యన టక్కున పడింది. నేను గెంతబోయాను.

"గెంతకు, కింద చూసుకో" అన్నారు.

"చేటలో పడిందిగా!"

"పడింది. గొడుగూ పడింది."

నాకు ఏడుపొచ్చింది. ఆయనకి ఓపిక నశిస్తే గొంతు పెరిగేది కాదు, మర్యాద పెరిగేది. "ఏవండీ అమ్మాయిగారూ, తమరు ఒకటి నుంచి మొదలుపెట్టండి" అన్నారు. తిట్టినా బాగుండేది.

పోటీనాడు నాన్న మమ్మల్నందరినీ, మస్తాన్ గారినీ పడవలో ఆకివీడు తీసుకెళ్ళారు. అరటి దొప్పలు గుండ్రంగా కట్టి నీళ్ళ మీద వదిలారు. ఆ వలయంలో వక్క పడాలి, మనిషికి ఐదు విసుర్లు. అందరూ అయ్యేసరికి నేనూ, ఆ ఊరి కుర్రాడొకడూ నాలుగేసి వేసి సమానంగా నిలిచాం. ఇక చెరొకటీ విసరమన్నారు. ముందు నేను. గాలి వచ్చి నా వక్క దొప్ప అంచుకి తగిలి బయట పడింది. అయినా నాకు బెంగ లేదు. ఆ కుర్రాడి మోచెయ్యి పొద్దుటి నుంచీ గాల్లోనే ఉంది, ఆ నాలుగూ వాడి అదృష్టం కొద్దీ పడ్డవే. వాడు తప్పుతాడు, మళ్ళీ నా వంతు వస్తుంది.

అప్పుడు లేచారు మస్తాన్ గారు. మా కళ్ళముందే తిన్నగా వాడి దగ్గరికి వెళ్ళి, చేతిలో గొడుగు వాడి చంకలో పెట్టి, "బాబూ, ఇది జారకుండా విసిరి చూడు" అన్నారు. మావాళ్ళు గోలపెట్టారు. నాకు మూడు నెలలు పట్టిన విద్య వాడికి ఒక్క విసురుతో వచ్చేసింది. వక్క వలయం మధ్యలో పడింది. ఆకివీడు గెలిచింది.

తిరుగు పడవలో ఆయన మీద విరుచుకుపడ్డాను. "మీరే నన్ను ఓడించారు!"

"అవునమ్మా, నేనే" అన్నారు. "తప్పుగా ఆడే చెయ్యి కళ్ళబడ్డాక ఊరుకోవడం నాకు చేతకాదు. పొద్దుటి నుంచీ ఎలాగో బిగబట్టుకున్నాను." క్షమించమని అడగలేదు, సర్దిచెప్పనూ లేదు. నేను మళ్ళీ ఆయనతో మాట్లాడలేదు. మరుసటేడు పెళ్ళి చేసి నన్ను తాడేపల్లిగూడెం పంపేశారు. ఆయన పోయిన సంగతి ఉత్తరంలోనే తెలిసింది.

ఆ జబ్బు నాకూ అంటింది. పక్కింటి పిల్ల సూది తప్పుగా పట్టుకుంటే, నాతో మాటల్లేని ఇంటి పిల్లయినా సరే, వెళ్ళి చెయ్యి సరిచేసి వస్తాను. ఇంట్లోవాళ్ళ చేత చీవాట్లు తింటాను.

ఒక్క సంగతి మాత్రం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఆ కుర్రాడి విసురు చాలా అందంగా ఉంది. నేను వేసిన వేటికీ ఆ తీరు లేదు. వక్క నీళ్ళని తాకగానే గట్టంతా వాడి చుట్టూ మూగింది. మస్తాన్ గారు మాత్రం వాణ్ణి చూడలేదు. వెలిగిపోతున్న మొహంతో గభాల్న నావైపు తిరిగారు. ఆ విసురు ఎంత బాగుందో ఆ గట్టు మీద తెలిసినవాళ్ళం మేమిద్దరమే. నేను మొహం తిప్పేసుకున్నాను.