పిడి అమ్మవారి వైపు

అది 2022. కరోనా భయం తగ్గి, జనం మళ్లీ ఆదివారాలు బయట తిరగడం మొదలుపెట్టిన సంవత్సరం. అనంతపురం పాతూరులో మాది తుపాకుల అంగడి. నాయన పెట్టింది. ఆయన పోయాక లైసెన్సు నా పేరుకు మార్పించుకుని నేనే నడుపుతున్నాను. కొత్తగా వచ్చేవాళ్లు ముందు నన్ను చూస్తారు, తర్వాత నా వెనక ఎవరైనా మగమనిషి ఉన్నాడేమోనని చూస్తారు. నా వెనక ఉండేది గోడ, గోడకు తుపాకులు. ఆ సంగతి వాళ్లకు అర్థమయ్యేదాకా నేను నోరు తెరవను.

తుపాకుల వ్యాపారం అనగానే జనం ఏదేదో ఊహించుకుంటారు. మా పని చాలావరకు నూనె, గుడ్డ, తుప్పు. శనక్కాయ చేన్లో పడే అడవిపందులను బెదిరించడానికి రైతులు పెట్టుకున్న ఒంటిగొట్టం తుపాకులు బాగుచేస్తాం. ఎన్నికలు వస్తే లైసెన్సు ఉన్నవాళ్లు తమ ఆయుధాలు అప్పగించాలి, వాటిని మా దగ్గర భద్రంగా ఉంచుతాం. సరదాగా గురి చూసి కొట్టుకోవడానికి పిస్టల్ కావాలని వచ్చేవాళ్లు ఈ కరువు సీమలో బహు తక్కువ. ఎర్రిస్వామి గుర్తుండటానికి అదొక కారణం.

ఎర్రిస్వామికి కళ్యాణదుర్గంలో డ్రిప్పు పైపుల అంగడి. నలభై దాటిన మనిషి. బీపీ ఎక్కువైంది, కోపం తగ్గించుకోమని డాక్టరు చెప్పాడట. కోపం తగ్గించుకోవడానికి తుపాకీ పట్టిన మనిషిని నేను ఈయన్నే చూశాను. స్నేహితుడొకడు బత్తలపల్లె దారిలో ఉన్న షూటింగ్ రేంజ్‌కి పిల్చుకుపోయాడు. ముందు గాలితో పేలే ఎయిర్ పిస్టల్, తర్వాత క్లబ్బువాళ్ల పిస్టల్ పట్టాడు.

"దమ్ము బిగబట్టి ఆ నల్లచుక్కనే చూస్తాంటే, ఎవురి మింద కోపం ఉండాదో కూడా గుర్తుకు రాదక్కా," అన్నాడు నాతో. నిజంగానే చెప్పినట్టు అనిపించింది.

కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి తిరిగి లైసెన్సు తెచ్చుకున్నాడు. అది చేతికి వచ్చిన ఉత్సాహంలో భార్యను వెంటబెట్టుకుని అంగడికి వచ్చాడు. ఆమె పేరు రాధమ్మ. వచ్చి బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"పెద్దది చూపించక్కా. చేతినిండా ఉండల్ల," అన్నాడు ఎర్రిస్వామి.

"దేనికప్పా?"

"గురికే."

"గురికైతే చేతినిండా ఎందుకు? కాగితం ఏమన్నా తిరగబడతాదా?"

రాధమ్మ తల దించుకుని నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు.

ఆయన కళ్లు పాయింట్ త్రీ టూ పిస్టల్ మీద ఉన్నాయి. నల్లగా, బరువుగా, బల్ల మీద పెడితే దర్జాగా ఉంటుంది. నేను తీసి పెట్టింది పాయింట్ టూ టూ. చిన్న తూటా, సన్నటి గొట్టం. రెండూ సెమీ ఆటోమేటిక్‌లే. అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటానే పేలుతుంది, కానీ ఖాళీ తొడుగును బయటికి విసిరేసి తర్వాతి తూటాను తనంతట తానే ఎక్కించుకుంటుంది. తేడా అంతా చేతికి తగిలే దెబ్బలోనే. పెద్ద తూటా పేలినప్పుడు పిస్టల్ వెనక్కి తంతుంది. కొత్తవాడి చెయ్యి ఆ తన్నుకు భయపడి, ఇంకా పేలకముందే ఒక్క వెంట్రుకవాసి కిందికి వాలుతుంది. తూటా చుక్క కింద పడుతుంది. ఆ భయం ఒకసారి చేతికి పట్టిందంటే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది. చిన్న తూటాకు తన్ను తక్కువ, దాని ధరా తక్కువ. ఎక్కువ కాల్చగలిగినవాడే నేర్చుకుంటాడు.

ఇదంతా చెబితే ఎర్రిస్వామి మొహం ముడుచుకుని, "పిల్లలు ఆడుకునేట్టు ఉండాదే," అన్నాడు.

ఇట్లాంటివాళ్లతో నేను వాదించను. రెండు పిస్టళ్లూ ఖాళీ అని చూసి, ఒక్కోటీ చేతికిచ్చాను. గోడ మీద క్యాలెండరులో ఒక అంకె చూపించి, దాని వైపు చెయ్యి చాపి కళ్లు మూసుకోమన్నాను. కాసేపాగి తెరవమన్నాను. పెద్దదానితో ఆయన చెయ్యి కళ్లు తెరిచేసరికి పక్క నెలలోకి పోయింది. వేలు ట్రిగ్గర్‌కు అందీ అందక అంచు మీద ఆనింది. చిన్నదానితో పిస్టల్ పైన గురి చూసే ముందు సైటు, వెనక సైటు, క్యాలెండరు అంకె ఒకే వరసలో ఉన్నాయి. మళ్లీ మళ్లీ చేసి చూసుకున్నాడు. నా మాట విననివాడు తన చెయ్యి మాట విన్నాడు.

"సరేలేక్కా, ఇదే ఖాయం చెయ్యి," అన్నాడు.

అప్పుడు రాధమ్మ లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఇది ఖాళీగా ఉండాదని ఎట్ల తెలుస్తాది?"

"నాకు తెలుసులే, నువ్వుండు," అన్నాడు ఎర్రిస్వామి.

"నీకు తెలుసు. నాకు తెల్లల్ల గదా."

రాధమ్మ పుట్టిల్లు నల్లమాడ దగ్గర పల్లె. ఇంట్లో పందుల కోసం ఒంటిగొట్టం తుపాకీ ఉండేది. ఖాళీదే అనుకుని వాళ్లన్న దాన్ని తుడుస్తుంటే పేలింది. "మాయన్నకి ఎడమ చేతికి రెండు వేళ్లే మిగిలినాయి. అన్నం కలుపుకునే చెయ్యి బాగుండాదని మా నాయన దేవునికి దండం పెట్టుకున్న్యాడు," అని చెప్పింది. గొంతులో ఏడుపేమీ లేదు. "ఇది ఖాళీదని నా అంతట నేను చూసి చెప్పగలిగితేనే ఇంట్లోకి రానిస్తా. ల్యాకపోతే ఈయప్ప ఆ రేంజ్‌లోనే కాపురం పెట్టుకోనీ."

ఎర్రిస్వామి నా వైపు చూశాడు, సాయం చేయమన్నట్టు. నేను రాధమ్మనే బల్ల వెనక్కి పిలిచాను.

పాత ఒంటిగొట్టానికి నడుం విరిస్తే లోపల ఏముందో కనిపిస్తుంది. సెమీ ఆటోమేటిక్ అట్లా కాదు. తూటాలు ఉండే పెట్టె మేగజిన్, అది పిడిలో ఉంటుంది. దాన్ని తీసేయగానే ఖాళీ అయిపోయిందని అందరూ అనుకుంటారు. కానీ అప్పటికే పైకి ఎక్కిన తూటా ఒకటి గొట్టం మొదట్లో చాంబర్ అనే గదిలో కూర్చుని ఉండొచ్చు. అందుకే ముందు పిస్టల్ మూతిని, పొరపాటున పేలినా తూటా దిగబడేందుకు బల్ల పక్కన పెట్టుకున్న ఇసుక డబ్బా వైపు తిప్పాలి. ట్రిగ్గర్ మీద వేలు పెట్టకుండా మేగజిన్ తీయాలి. పైన ఉండే స్లైడ్‌ను వెనక్కి లాగి అక్కడే నిలిపి, చాంబర్‌లోకి కంటితో చూడాలి. తర్వాత చిటికెన వేలు పెట్టి తడమాలి. రాధమ్మ స్లైడ్ లాగడానికి మొదట కష్టపడింది, తర్వాత పట్టు దొరికింది. పిస్టల్ ఇంటికి పోయింది.

ఆ ఏడు దసరా అయిన వారంలో మళ్లీ వచ్చారు. ఈసారి ఎర్రిస్వామి తల్లి ఓబుళమ్మ కూడా ఉంది. ఆమెను కంటి ఆసుపత్రికి చూపించడానికి వచ్చి, అదే దారిన పిస్టల్ కూడా తెచ్చారు. స్లైడ్ బిగుసుకుపోతోందని ఎర్రిస్వామి ఫిర్యాదు.

పెట్టె తెరిచి చూస్తే నాకు కళ్లు తిరిగాయి. పిస్టల్ ఒంటినిండా కుంకుమ. సందుల్లో గంధం. పైనుంచి నువ్వుల నూనె. ఆయుధపూజ చేయడం మా దగ్గర అందరికీ అలవాటే. ట్రాక్టరుకు, మోటారుకు, కత్తికి, కత్తెరకు బొట్టు పెడతారు. తుపాకీకి పెట్టినా తప్పులేదు, పైపైన ఒక చుక్క పెడితే. ఈ పిస్టల్‌కు అభిషేకమే చేశారు.

"ఖాళీదేక్కా. మేగజిన్ తీసేసినా, స్లైడ్ గూడా లాగినా, ఏమీ పడల్యా," అంటూ ఎర్రిస్వామి దాన్ని బల్ల మీద పెట్టాడు. మూతి నేరుగా నా కడుపు వైపు ఉంది.

నేను పక్కకు జరిగేలోపే రాధమ్మ ఆయన చెయ్యి పట్టుకుని మూతిని ఇసుక డబ్బా వైపు తిప్పించింది. "లోపల చూసినావా?" అని అడిగింది.

"లాగినా అంటాండా గదా!"

"చూసినావా అంటాండా."

రాధమ్మ స్లైడ్ లాగబోతే అది సగంలో ఆగిపోయింది. నేను అందుకుని, అంగట్లో ఉన్నవాళ్లందరినీ నా వెనక్కి రమ్మని, గట్టిగా లాగి నిలిపాను. టార్చి వేసి చూశాను. చాంబర్‌లో ఇత్తడి మెరిసింది. తూటా ఉంది, దాని అంచుకు కూడా కుంకుమ ఉంది.

జరిగింది ఇది. చాంబర్‌లోని తూటాను పట్టి బయటికి లాగేది ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న కొక్కి. కుంకుమ, గంధం, నూనె కలిసి ముద్దయి ఆ కొక్కి కింద గడ్డకట్టాయి. స్లైడ్ వెనక్కి వచ్చింది గానీ కొక్కి తూటాను పట్టలేదు. ఏమీ పడలేదు కాబట్టి ఏమీ లేదనుకున్నాడు ఎర్రిస్వామి. ఆ తూటాను ఎట్లా బయటికి తీశానో ఇక్కడ రాయను, అది ఇంట్లో చేసే పని కాదు. తీసి బల్ల మీద నిలబెట్టాను.

"పూజకు తూటాలు ఎందుకు పెట్టినావప్పా?" అని అడిగాను.

జవాబు ఓబుళమ్మ చెప్పింది. "నేనే పెట్టమన్న్యా. వట్టి చాట, వట్టి గంప అమ్మవారి ముందర పెడతామా? వట్టిది పెడితే ఏడంతా ఇల్లు వట్టిగానే ఉంటాది."

తల్లి మాట కాదనలేక ఎర్రిస్వామి తూటాలున్న మేగజిన్ పెట్టాడు, నైవేద్యం పనిలో ఉన్న రాధమ్మ చూడలేదట. అంతవరకైతే కొంత నయం. రేంజ్‌లో మేగజిన్ పెట్టిన వెంటనే స్లైడ్ లాగడం అలవాటైన చెయ్యి, దేవుని గదిలోనూ అదే పని చేసింది. లాగిన సంగతి కూడా ఆయనకు గుర్తులేదు.

నాకు ఇంకొక అనుమానం వచ్చింది. "పూజలో మూతి ఎటు పెట్టినారు?" అన్నాను.

"పిడి అమ్మవారి వైపు పెట్టల్ల గదమ్మా," అంది ఓబుళమ్మ, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు. "ఆయమ్మ చేతికి అందేట్టు."

పిడి అమ్మవారి వైపు ఉంటే మూతి దండం పెట్టేవాళ్ల వైపు ఉంటుంది. హారతి అయ్యాక ఇంటిల్లిపాదీ వరసగా ఆ మూతి ముందర తల నేలకు ఆనించి మొక్కారు. ఎర్రిస్వామి మొక్కాడు, పిల్లలిద్దరూ మొక్కారు. మోకాళ్ల నొప్పులున్న ఓబుళమ్మ వంగలేక అక్కడే చాలాసేపు కూర్చుందట. సేఫ్టీ అనే చిన్న మీట ఒక్కటే మధ్యలో ఉంది.

ఎర్రిస్వామి బెంచీ మీద కూలబడి, "అమ్మేయక్కా దీన్ని. నాకొద్దు," అన్నాడు.

రాధమ్మ ఆయన్ని పట్టించుకోలేదు. తూటాను వేళ్లతో పట్టుకుని అత్త దగ్గరికి తీసుకుపోయి, ఆమె సరిగా కనిపించని కళ్లకు దగ్గరగా చూపించింది. "అత్తా, ఇది మన పిల్లల నెత్తిన ఉన్నింది."

ఓబుళమ్మ దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతులూ జోడించింది.

"ఎవురికీ ఏమీ కాల్యా గదా. సూడు, అమ్మవారు ఎట్ల కాపాడిందో!"

ఇక ఈమెకు చెప్పి లాభం లేదని నేను అనుకున్నాను. భద్రత గురించి నాకు తెలిసిన మాటలన్నీ ఆ ఒక్క మాట ముందు పనికిరానివే. రాధమ్మ మాత్రం కోప్పడలేదు.

"కాపాడింది అత్తా, కాదన్ల్యా. ప్రతి దసరాకీ ఆయమ్మకి ఇదే పని పెడదామా?"

ముసలామె కోడలి మొహంలోకి చూసింది. జోడించిన చేతులు నెమ్మదిగా ఒళ్లోకి దిగాయి. "మరి నిండుగా ఏం పెడదాం?" అని అడిగింది.

"చాట నిండా శనక్కాయలు పోద్దాం. వాటి మింద ఖాళీది పెడదాం. మూతి గోడకి."

"కాయలు ఈ తూరి చేన్లో యాడుండాయే?"

"కొందాంలే అత్తా."

పిస్టల్ అమ్మలేదు. శుభ్రం చేసి ఇచ్చాను. ఎర్రిస్వామి ఇప్పటికీ ఆదివారాలు రేంజ్‌కి పోతాడు. ఇంటికొచ్చాక ఖాళీ అవునో కాదో రాధమ్మ చూసిన తర్వాతే అది బీరువాలోకి పోతుంది, తాళంచెవి ఆమె దగ్గరుంటుంది. మొదట్లో ఆయనకు నామోషీగా ఉండేదట.

నా అంగట్లో గోడ మీద జాగ్రత్తల బోర్డు ఒకటి ఎప్పటినుంచో ఉంది. దాన్ని చదివినవాణ్ణి నేను చూడలేదు. దసరా ముందు తుపాకీకి నూనె పెట్టించుకోవడానికి వచ్చేవాళ్లను ఇప్పుడు బోర్డు చదవమనను. "పూజలో మూతి ఎటు పెడతారప్పా?" అని అడుగుతాను. చెప్పబోయి మధ్యలో ఆగిపోతారు. అప్పుడు, అమ్మవారికి పని పెట్టొద్దండి అంటాను. ఆ మాట వాళ్లకు ఇట్టే ఎక్కుతుంది.

ఇంకొకటి కూడా మార్చుకున్నాను. అంతవరకు నేను పిస్టల్ చేతికి సరిపోతుందా అని చూసి అమ్మేదాన్ని. చెయ్యి ఒక్కరిది, పిస్టల్ పోయి ఉండేది నలుగురి మధ్య. మొదటి పిస్టల్ కోసం ఒంటరిగా వచ్చినవాణ్ణి, పో, ఇంట్లోవాళ్లను పిల్చుకుని రా అని తిప్పి పంపుతున్నాను. కొందరు మొహం మాడ్చుకుని వేరే ఊరికి పోయి కొనుక్కుంటారు. ఇట్లయితే వ్యాపారం పోతుందని మా ఆయన సణుగుతాడు. పోయేది వ్యాపారమే కదా అంటాను.