సంజీవరావు బావ చదివిన మృగాలు

మా బావ సంజీవరావు మంచివాడని ఊరంతా అంటుంది. నేనూ అంటాను. కాకపోతే, ఆయనంత మొండిఘటం మార్కాపురం చుట్టుపక్కల ఇంకొకరు లేరని ముందు చెప్పి, ఆ తర్వాత అంటాను. మా అక్క రెబెకాను చేసుకున్న రోజు నుంచీ ఆయనతో నాకు తగువే. మరదలిని కాబట్టి నోటికొచ్చింది అనే హక్కు నాకుంది. అక్క పోయి నాలుగేళ్లయినా నేను ఆ హక్కు వదులుకోలేదు.

ముప్పై ఏళ్లు పలకల ఫ్యాక్టరీలో రాయి కోశాడు బావ. ఆదివారం మాత్రం తెల్లచొక్కా వేసుకుని మా చర్చికి సంఘపెద్ద. మా పాస్టరు గారికి మూడు ఊళ్లు. ఆయన ఇంకో ఊళ్లో ఆరాధన ముగించుకుని ఇక్కడికొచ్చేలోపు అన్నీ బావే చూసుకోవాలి. అందులో ఆయనకు ప్రాణం లాంటి పని ఒకటుంది. జనవరి ఒకటిన వాగ్దాన కార్డులు చదవడం. డబ్బా నిండా కార్డులుంటాయి. ఒక్కోదాని మీద ఒక బొమ్మ, దేవుడి మాట ఒకటి. ఇంటికొకరు వచ్చి కళ్లు మూసుకుని ఒకటి తీస్తారు. బావ బిగ్గరగా చదువుతాడు. ఏడాదంతా ఆ ఇంటికి అదే వాగ్దానం. కొందరు గోడకు అంటించుకుంటారు, కొందరు సెల్‌ఫోన్ కవరులో పెట్టుకుంటారు.

ఇక అసలు సంగతి. మూడేళ్లుగా మా బావకు కళ్లు కనపడటం లేదు. రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. మనుషులు మసక మసకగా ఆనుతారు, గొంతు విని గుర్తుపడతాడు. అక్షరం మాత్రం ఒక్కటీ కనపడదు. ఈ ముక్క ఆయన ఎవరికీ చెప్పలేదు, అప్పటికి నాకూ తెలియదు. చెబితే ఆపరేషన్ అంటారు. కంట్లో కత్తి అంటే ఆయనకు కాళ్లూ చేతులూ ఆడవు. పైగా తెలిసిపోతే కార్డులు చదివే పని ప్రభుదాస్‌కు పోతుంది. ప్రభుదాస్ రెండో పెద్ద. ఎప్పుడెప్పుడా అని ఏళ్ల తరబడి గొంతు సవరించుకుంటూ కూర్చున్నాడు. అందుకని మా బావ కార్డును మొహం ముందు పెట్టుకుని, ఎదుట నిలబడింది ఎవరో పోల్చుకుని, వాళ్లకు ఏం కావాలో అదే చదివేస్తున్నాడు. ఈ మూడేళ్లలో వాగ్దానాలు సూటిగా తగులుతున్నాయని ఊళ్లో ఒకటే మెచ్చుకోలు! ఎందుకు తగలవు మరి?

పోయిన డిసెంబరులో కార్డులు హైదరాబాదు నుంచి తెప్పించాడు. మార్కాపురంలో జాఫర్‌కు ఫ్యాన్సీ దుకాణం ఉంది. చుట్టుపక్కల ఊళ్ల పార్సిళ్లన్నీ అక్కడే దిగుతాయి. బావ వెళ్లేసరికి జాఫర్ ఎవరికో గాజులు ఎక్కిస్తున్నాడు.

"మామా, రెండుండాయి ఆడ. నీ పేరున్నది చూసి తీసుకో," అన్నాడు తలెత్తకుండా.

'నాకు కనపడదు, నువ్వే ఇవ్వు' అంటే పోయేదేముంది? అనడు. మొండిఘటం అన్నాను కదా! రెండు పార్సిళ్లూ ఊపి చూశాడు. ఒకటి అట్టపెట్టె, ఒకటి రేకుడబ్బా. రేకుడబ్బా అయితే ఎలకలు కొట్టవని అది చంకన పెట్టుకుని బస్సెక్కాడు. ఇంటికొచ్చి విప్పి తడిమితే లోపల నున్నటి కార్డులు. ఒకటి మాత్రం విడిగా గట్టి ప్లాస్టిక్ కవరులో ఉంది. అది సంఘపెద్దకు ప్రత్యేకం కాబోలనుకుని అడుగున పెట్టాడు.

ఆ డబ్బా మార్కాపురంలో కంప్యూటర్ సెంటర్ నడిపే వెంకటకృష్ణది. ముప్పై ఐదేళ్ల మనిషి, మీసాలున్న మనిషి, జపాను మృగాలు పోట్లాడుకునే కార్డులాట అంటే చెవి కోసుకుంటాడట. ఆ ఆట పేరు నాకిప్పటికీ నోరు తిరగదు. డబ్బాలో అరవై కార్డులు. అన్నీ నిప్పు మృగాలే, అలాంటి జట్టును థీమ్ డెక్ అంటారట. ప్లాస్టిక్ కవరులోది ప్రోమో కార్డు, అంటే కంపెనీ వాళ్లు ప్రచారానికి ఇచ్చేది. అది ఈ డబ్బాతో తప్ప విడిగా ఎక్కడా దొరకదట. దాని కోసం ఎనిమిది నెలలు ఎదురుచూశాడు మహానుభావుడు.

జనవరి ఒకటి పొద్దున చర్చిలో బల్ల మీద ఆ డబ్బా పెట్టాడు బావ. మూత మీద మూడు తలల పాము, మూడు నోళ్లలోనూ మంటలు. "ఫారిన్ డబ్బా" అని అందరూ ముచ్చటపడ్డారు. మొదట దానమ్మ వెళ్లింది. ఏటా మొదట ఆమే. ఒకటి తీసి చూసి బిత్తరపోయింది.

"అన్నా, ఇదేంది, ఉడుముకు రెక్కలుండాయి? నోట్లో నిప్పులు గూడా పడతా ఉండాయి?"

వేరే డబ్బా తెచ్చానని బావకు అప్పుడు అర్థమైంది. మనిషి గట్టివాడు, తేరుకున్నాడు. "బైబిల్లో చెప్పిన చివరి దినాల మృగాలమ్మా అయి. పాస్టరుగారు చెప్తారు గదా! బొమ్మను చూడమాక, మాట విను." కార్డు అందుకుని మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. "దానమ్మా! ఎండిపోయిన మీ వీధి బోరింగులో ఈ యేడు నీళ్లు పొంగును."

"ఆమెన్!" అంది చర్చి అంతా. దానమ్మ ఉడుమును కళ్లకద్దుకుంది.

తర్వాత ప్రభుదాస్. అతనికి మంటల కొమ్ముల ఎద్దు వచ్చింది. పొలం గట్టు దగ్గర తమ్ముడితో గొడవపడి ఆరేళ్లుగా మాటల్లేవు. బావ చదివాడు: "ప్రభుదాసూ! ఈ యేడు నీవు నీ తమ్ముని ఇంట భోంచేయుదువు." ప్రభుదాస్ మొహం మాడిపోయింది. వెనక వరుసలో అతని తమ్ముడు తల దించుకున్నాడు.

నా వంతు వచ్చింది. నాకు కప్ప. నిప్పుల మధ్య కూర్చున్న కప్ప.

"అరుణకుమారీ! ఈ యేడు నీ నోటికి విశ్రాంతి కలుగును."

చర్చి గొల్లుమంది. నాకు ఒళ్లు మండింది. నేను అంగన్‌వాడీ టీచర్ని, నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుని చదవగలను. కార్డు లాక్కోబోతూ చూశాను కదా, ఆయన చేతిలో కప్ప తలకిందులుగా ఉంది. కింద ఇంగ్లీషులో ఉన్నది వేరు: 'బలం ఇరవై. దెబ్బ తగిలితే బురదలో దాక్కొంటుంది.' అరవబోయాను. అప్పుడే ఆయన చెయ్యి డబ్బా మూత కోసం బల్లంతా తడుముతోంది. మూత జానెడు దూరంలోనే ఉంది.

నా నోరు పడిపోయింది. రోజూ అన్నం గిన్నె తీసుకెళ్లి ఇచ్చేది నేనే. ఇచ్చేసి, నాలుగు మాటలని వచ్చేదాన్ని. ఆయన మొహం కేసి సరిగ్గా చూసి ఎన్నాళ్లయిందో! నా అక్క మొగుడికి కళ్లు పోతే మూడేళ్లు నాకు తెలియలేదంటే నేనేం మనిషిని? సిగ్గేసింది, ఏడుపొచ్చింది. కప్పను పట్టుకుని వచ్చి కూర్చున్నాను.

అరవై ఇళ్లకూ అరవై మృగాలు పంచడం అయింది. అడుగున మిగిలిన కవరు కార్డును బావ చదవకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. అంతలో బయట బండి ఆగింది. అట్టపెట్టెతో జాఫర్, వెనకే వెంకటకృష్ణ.

"నా డబ్బా!" అన్నాడు వెంకటకృష్ణ గుమ్మంలోనే. తర్వాత అందరి చేతుల్లోకీ చూసి గుమ్మం మీదే కూలబడ్డాడు.

జాఫర్ జరిగింది చెప్పాడు. వెంకటకృష్ణ లేచి దానమ్మ దగ్గరికి పోయి, "అమ్మా, దీంట్లో బోరింగు లేదమ్మా. ఇది దాడి చేస్తే ఎదుటోడు రెండు కార్డులు పారెయ్యాల, అంతే," అని చదివి వినిపించాడు.

"ఇంగ్లీషులో అట్లుంటాది నాయనా," అంది దానమ్మ, కార్డు జాకెట్టులో దోపుకుంటూ. "మాకు అన్న తెలుగులో చదివినాడు."

ప్రభుదాస్ మాత్రం లేచాడు. జాఫర్ చేతిలోని అట్టపెట్టె విప్పి అసలు వాగ్దాన కార్డు ఒకటి తీసి బావ చేతిలో పెట్టాడు. "ఇది తెలుగే. ఇది చదువన్నా."

బావ కార్డును మొహం దగ్గర పెట్టుకున్నాడు. పెదాలు కదిలాయి. ఏదో ఒకటి అనేస్తాడనుకున్నాను, అనెయ్ బావా, అని మనసులో బతిమాలుకున్నాను కూడా. ఆయన కార్డు దించేశాడు.

"కనపడదు ప్రభుదాసూ. మూడేండ్లాయ."

అప్పుడు చూడాలి గోల! "మరి పోయినేడు నా కోడలికి ఉద్యోగం వస్తాదని చదివినావు, వచ్చిందే?" అని ఒకరు. "నా మోకాళ్ల నొప్పులు తగ్గుతాయన్నావు, తగ్గలా!" అని ఇంకొకరు. నెరవేరినవాళ్లు ఒక పక్క, నెరవేరనివాళ్లు ఒక పక్క చేరి వాదులాడుకుంటుంటే పాస్టరు గారు దిగారు. మంచినీళ్లు తాగి, అంతా విని, తల పట్టుకుని, మళ్లీ కార్డులు తీయమన్నారు. ఇకనుంచి ప్రభుదాస్ చదువుతాడని తేల్చేశారు. బావ బల్ల దగ్గర్నుంచి లేచి, వరుసలు తడుముకుంటూ చివరి బెంచీకి పోయి కూర్చున్నాడు. నడవడానికి ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు.

ప్రభుదాస్ తప్పుల్లేకుండా చదివాడు. దానమ్మకు శత్రువుల కోటగోడలు కూలుతాయని వచ్చింది.

"నాకు శత్రువులెవరు నాయనా, నీళ్ల బిందె తప్ప? నాకు బోరింగుదే కావాల," అని ఆమె ఉడుమును ఇవ్వనంది. ఆమెను చూసి అందరూ అదే మాట. వాగ్దానం నెరవేరాక మృగాన్ని తిరిగిస్తారట! అంతవరకు ముట్టుకోనివ్వరట! నేను మాత్రం నా కప్పను అప్పుడే ఇచ్చేశాను. నా వాగ్దానం నెరవేరే రకం కాదని నాకు తెలుసు.

వెంకటకృష్ణ ఏడ్వలేక నవ్వాడు. ఒక్కటి తగ్గినా డెక్ డెక్ కాదట. ఏం చేస్తాడు పాపం? అరవై ఇళ్ల వాగ్దానాలూ ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆ రోజు నుంచీ పని మొదలుపెట్టాడు. ఒకరికి పింఛను వస్తుందని బావ చదివి ఉంటే, తన సెంటర్లో కూర్చుని ఆ పింఛనుకు తనే దరఖాస్తు పెట్టాడు. బోరింగు కోసం అర్జీ మీద అర్జీ పంపి, చివరికి తనే పొదిలి పోయి మెకానిక్కును బండి మీద ఎక్కించుకొచ్చాడు. నీళ్లు పడ్డాయి. దానమ్మ ఉడుమును నాలుగు రోజులు ఇంట్లో ఉంచుకుని, ప్రార్థన చేసి మరీ అప్పగించింది. అన్నిటికన్నా కష్టం ప్రభుదాస్ ఎద్దు. పదకొండుసార్లు ఆ అన్నదమ్ముల మధ్య తిరిగాడు. ఒక మధ్యాహ్నం ప్రభుదాస్ తమ్ముడింట్లో మౌనంగా కూర్చుని జొన్నసంకటి తింటుంటే, వెంకటకృష్ణ గుమ్మంలో నిలబడి ముద్దలు లెక్కపెట్టాడట.

ఆ సాయంత్రం ప్రభుదాస్ నా దగ్గరికొచ్చి, "అన్నకు కండ్లు బాగయితే మళ్లీ ఆయన్నే చదవమందాం," అన్నాడు. పక్కనున్న దానమ్మ వద్దంటే వద్దంది.

"కండ్లొస్తే కార్డు మీద ఉండేదే చదువుతాడు. అప్పుడు మనకేంది లాభం?"

బావ మాత్రం ఎవరి మాటా వినలేదు. చర్చికి వస్తే చివరి బెంచీ, లేకపోతే ఇంటి అరుగు. నేను ఆపరేషన్ ఊసెత్తితే గిన్నె పక్కకు నెట్టేసేవాడు. తిట్టాను, బతిమాలాను, మా అక్క పేరెత్తి ఏడ్చాను. "ఇంక నేను చదవాల్సిందేముందిలే అరుణా," అనేవాడు. నేను గిన్నె మళ్లీ ఆయన ముందుకు జరిపేదాన్ని.

మార్చిలో ఒకరోజు వెంకటకృష్ణ వచ్చాడు. అరవై మృగాలూ చేతికొచ్చాయి, ప్రోమో కార్డొక్కటే మిగిలింది. బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన నేను చింతపండు గింజ తీస్తున్నాను.

"పెద్దాయనా, నా కార్డు."

బావ జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "చదవకుండా ఎట్ల ఇచ్చేది? అందరియీ నేను చదివితిని. నాది రెబెకా చదివేది. ఆమె పోయినాక నాది ఎవురూ చదవలా."

కార్డు తీసి గాలిలో పట్టుకున్నాడు. నేను చేతులు తుడుచుకుని అందుకున్నాను. తళతళలాడే మూడు తలల పాము. కింద సన్నటి ఇంగ్లీషు అక్షరాలు: 'ఇది ప్రచారానికి మాత్రమే. ఆటలో చెల్లదు.' వెంకటకృష్ణ నా భుజం మీదుగా చూస్తూనే ఉన్నాడు. నేను లేచి నిలబడి, చర్చిలో చదివినట్టే గొంతెత్తాను.

"సంజీవరావూ! ఈ నెలలోనే నీవు కంటి ఆపరేషన్ చేయించుకొందువు. భయపడకుము."

బావ తల తిప్పలేదు. "అట్లనే ఉందా వెంకటకృష్ణా?"

ఆ కార్డు మీద అక్షరం అక్షరం కంఠతా వచ్చినవాడు అతను. దాని కోసం రెండు నెలలు మా ఊరి దుమ్ము తిన్నవాడు.

"అట్లనే ఉంది పెద్దాయనా. శుక్రవారం అని గూడా ఉంది. నేనే పేరు రాయిస్తా."

"ఆపరేషన్ అయినాకనే కార్డు ఇస్తా."

"అట్లనే ఇయ్యి."

బావ కార్డు తీసుకుని జేబులో పెట్టి గుండీ పెట్టుకున్నాడు. కాసేపటికి, "కత్తి సంగతి గూడా రాసినారా?" అన్నాడు. గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

"రాసినారు బావా," అన్నాను. "మరదలు పక్కనే కూచుంటాదని, అయ్యేదాకా చెయ్యి ఇడిసిపెట్టదని గూడా రాసినారు."

ఆయన నా చేతి కోసం చెయ్యి చాచాడు, నేను లేని వైపుకు. నేను చింతపండు చాట పక్కకు జరిపి, ఆ వైపుకు పోయి కూర్చున్నాను.