ఫరాసోళ్ల కోట

ఇనుప పెట్టె మూత తీయగానే కలరా ఉండల ఘాటు కింద నుంచి సన్నగా గంజి వాసన వస్తుంది. అడుగున నాలుగు మడతల తెల్లగుడ్డ ఒకటుంది. సిరిసిల్లలో మా బాపు మగ్గం మీంచి దిగిన ఆ గుడ్డ మీద ఎర్ర నూలుతో కుట్టిన నక్షత్రం లాంటి పెద్ద చుక్క ఉంది, ఆ చుక్కకు ఒక మూల లేదు. ఇన్నేళ్లయినా దాన్ని ఉతకడానికి నాకు చేతులు రావు.

దసరా సెలవులు రాగానే నన్ను జగిత్యాలలో చిన్నబాపు ఇంటికి పంపేవారు. బాపుకు తమ్ముడు, కోరుట్ల బడిలో పంతులు, పెళ్లి మాటెత్తితే నవ్వి ఊరుకునే మనిషి. వాళ్లమ్మ, మా బాపమ్మ, ఆయన దగ్గరే ఉండేది. బతుకమ్మ ఆడే ఆ తొమ్మిది రోజులూ ఇల్లంతా నువ్వుల సత్తు, బెల్లం, మలీద వాసనలు, అరుగు మీద తడిగుడ్డ కప్పిన తంగేడు పూలు, గునుగు పూలకు అద్దిన రంగులు పట్టి వారం దాకా వదలని మా వేళ్లు. ఊరి కోట కందకం గట్టున గునుగు విరగబూసేది. పూలకని పోయిన పిల్లలం చీకటి పడేముందు గాని ఇల్లు చేరేవాళ్లం కాదు, బాపమ్మ తిట్లు వీధి మొదట్లోనే ఎదురొచ్చేవి.

ఊళ్లను ముక్కుతో, చెవులతో గుర్తుపట్టాలనేవాడు చిన్నబాపు. సిరిసిల్లను మగ్గాల చప్పుడుతో, కోరుట్లను ఎండబెట్టిన బీడీ ఆకు వాసనతో, జగిత్యాలను వాన పడ్డాక కోటరాయి ఊపిరితో. ఆయన దగ్గర అట్టలూడిన పుస్తకం ఒకటుండేది, నిండా ఫ్రెంచి దేశపు చిన్న ఊళ్ల బొమ్మలే. చుక్క ఆకారపు గోడలు, గోడల లోపల గడియారపు మేడ, వారానికోసారి సాగే అంగడి, నేతగాళ్ల వాడ. జగిత్యాల కోటదీ అదే చుక్క ఆకారం, దానికీ వాళ్ల పనివాళ్లే గీత గీసిచ్చారని ఆ ఊళ్లో చెప్పుకునేవారు. ఫ్రెంచివాళ్లను పెద్దలు ఫరాసులనేవారు, బాపమ్మ నోట్లో అది ‘ఫరాసోళ్లు’ అయింది.

“రాజధానుల ముచ్చట్లు అందరు రాస్తరు బిడ్డా. గీ చిన్న ఊర్లయి ఎవలు రాస్తరు?” అనేవాడు.

ఆ మూడూళ్ల పుస్తకం తానే రాయాలనుకున్నాడు. ముందు కోట కొలవాలి. నూలు కండె ఒక కొస నా చేతిలో పెట్టి, రెండో కొస పట్టుకొని తాను గోడ వెంట నడిచేవాడు. కొలిచిన మేరకు గుడ్డ మీద పెన్సిలుతో గీస్తే, బాపమ్మ దాని మీద కుట్టేది. ఇంట్లో మిగిలింది చీర అంచుల ఎర్ర నూలే గనుక ఎర్రదే కుట్టింది. అవి అన్నల కాలం, ఎర్రచుక్క నక్సలైట్ల గుర్తని ఊళ్లల్లో ఎర్రరంగును చూసి జడుసుకునే రోజులని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఒక మూల మిగిలి ఉండగా సద్దుల బతుకమ్మ నాటి పొద్దున పోలీసులు వచ్చారు. అప్పట్లో పంతుళ్ల ఇళ్లు సోదా చేయడం మామూలే. గుడ్డ మంచం మీదే పరిచి ఉంది. దూరప్రాంతం నుంచి కొత్తగా వచ్చిన అధికారి దాన్ని చూసి, నన్ను పిలిచి, “ఇది ఎవరు చెబితే వేశారు పాపా?” అన్నాడు.

జవాబు తెలిసిన ప్రశ్న అడిగితే పిల్లలు ఆగుతారా? “ఫరాసోళ్లు సార్! గాళ్లే గీత గీసిచ్చిన్రు. మా చిన్నబాపు కొలుస్తుండు.”

“ఫరారోళ్లా?”

పాపం, ఆయనకు మా మాట పలకడం రావడం లేదనుకున్నాను. పరారీలో ఉన్న అన్నలని ఆయన అర్థం చేసుకున్నాడని నాకేం తెలుసు? అవునని తలూపాను.

“గది మన కోట సార్, చిన్నపిల్ల సార్ గది,” అంటూనే ఉన్నాడు చిన్నబాపు. గుడ్డనూ, పుస్తకాన్నీ, ఆయననూ జీపెక్కించారు. ఆ సాయంత్రం మా వాకిట్లో బతుకమ్మ పేర్చలేదు. “నోరు మంచిదైతే ఊరు మంచిది” అని రోజూ చెప్పే బాపమ్మ, నన్ను దగ్గరికి తీసుకుందే గాని ఆ మాట అనలేదు.

ఊరి పెద్దలు ఇద్దరు ఆ అధికారిని బతిమాలి కోట గోడ ఎక్కించి, మూలమూలా చూపించాక ఎనిమిదో రోజున చిన్నబాపును వదిలారు. గుడ్డ వెనక్కి వచ్చింది, పుస్తకం రాలేదు. ఠాణాలో తిన్న దెబ్బలకు ఆయన కుడిచెయ్యి ఇక భుజం దాటి లేవలేదు. నేను తలుపు చాటున ఏడుస్తుంటే వచ్చి కూర్చున్నాడు. “నీ తప్పేంలేదు బిడ్డా. ఒక్క అచ్చరం, గంతే.”

ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతికాడు. నల్లబల్ల మీద ఎడమచేత్తో రాశాడు. కోట వైపు మాత్రం మళ్లీ పోలేదు, మూడూళ్ల పుస్తకంలో ఒక్క పుట రాయలేదు. నన్ను ఒక్క మాట అనని ఆ మనిషి ముందు నేను జీవితమంతా తప్పుచేసిన పిల్లలాగే నిలబడ్డాను.

మొన్న దసరాకు మనవరాలితో కోటకు వెళ్లాను. గునుగు పూలు ఇప్పుడు బజారులో కట్టలుగా కొంటున్నాం. బాపు మగ్గం ఏనాడో పొయ్యిలోకి పోయింది. బురుజు మీద నిలబడి పిల్ల అడిగింది, “గిది ఎవలు కట్టిన్రు అమ్మమ్మా?”

బాపమ్మ మాట ‘ఫరాసోళ్లు’ నాలుక చివరి దాకా వచ్చింది. చుట్టూ చూశాను. ఎవరూ లేరు.

“ఫ్రెంచోళ్లు,” అన్నాను.