సరస్వతాకు వాసన

నా మతిమరుపుకు కోడలు సరస్వతాకు నూరుతుంటే, ఆ పచ్చి వాసనకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

చిన్నప్పుడు ఫలక్‌నుమాలో, నన్ను కూడా మరిచిపోయిన నాయనమ్మకు అమ్మ ఆ రసమే బర్రెపాలలో కలిపి ఇచ్చేది. నన్ను పేరుతో ఎప్పుడు పిలుస్తుందా అని రోజూ ఎదురుగా కూర్చునేదాన్ని. ఒక పొద్దున ఆమె నా జడ పట్టుకుంది.

"లచ్చూ, బాయిలకెల్లి ఎప్పుడొచ్చినవే? ఎంటికలింక ఆరలేదేందే?"

లచ్చు నేను పుట్టకముందే బావిలో పడి చనిపోయిన మేనత్త. నా జుట్టు పొడిగానే ఉంది.

బాపు ముఖం వెలిగింది. "మందు పనిజేస్తున్నదే, ఇంకింత పొయ్యి" అన్నాడు అమ్మతో.

ఇంకో గుక్క తాగితే లచ్చు పూర్తిగా వచ్చేస్తుందనీ, నేను లేకుండా పోతాననీ భయపడి, సాయంత్రం దాకా జడ తడుముకుంటూనే ఉన్నాను.

ఆకు తప్పేమీ లేదు, ముసలితనంలో పాతవే మిగులుతాయి. అయినా గ్లాసు ఎత్తే ముందు మనవరాలిని పిలిచి, పేరు సరిగ్గా వచ్చిందా అని దాని ముఖం చూస్తాను.