సరిత అడిగితేనే చెబుతుంది మా అమ్మ

మన ఈడు వాళ్లందరికీ రేషన్ బియ్యం ఏరిన చాట గుర్తుండే ఉంటుంది కదా? ఆ ముక్కవాసన, వేళ్లకంటిన తెల్లటి పిండి? ఈ రోజు జహనుమా బస్తీలోని మా ఇంట్లో మా అమ్మ మళ్లీ చాట ముందేసుకుని కూర్చుంది. ఎదురుగా టీవీలో, ప్రభుత్వ చానల్లో, సరిత ఎవరినో ఇంటర్వ్యూ చేస్తోంది.

సరిత మా పక్కింటి పిల్ల. చిన్నప్పుడు బడి నుంచి రాగానే మా ఇంటికొచ్చి అమ్మ పక్కన చేరేది. ఒక్క ప్రశ్న అడిగి, ఇక నోరు మెదపకుండా రాళ్లు ఏరుతూ ఉండేది. అమ్మ చెప్పుకుంటూ పోయేది. నేను వెళ్లి కూర్చుంటే మాత్రం "పెద్దోళ్ల ముచ్చట్లు నీకెందుకే? పో, సదువుకో" అనేది. ఆ విద్యతోనే ఇప్పుడది పెద్ద జర్నలిస్టు. మా ఇంట్లో, మా అమ్మ దగ్గర నేర్చిన విద్య! నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తెర మీద సరిత, బట్టలు కుట్టే ఒక పెద్దావిడను అడిగింది. "చిన్నప్పుడు ఏం కావాలనుకున్నారమ్మా?"

అడిగి ఊరుకుంది. ఆవిడ ఇంకా ఆలోచిస్తోంది. ఈలోగా మా అమ్మ చేయి చాటలో ఆగింది.

"నర్సు గావాల్నని ఉండె బిడ్డా," అంది టీవీతో. "మా బాపు పంపలే."

ఇన్నేళ్లలో ఆ మాట నేను వినలేదు.

"నర్సా? నాకెన్నడు చెప్పలేదేందమ్మా?" అన్నాను.

"జర ఊకో," అంది అమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా. "సరిత ఇంకేదో అడుగుతున్నది."